ఇంటిలో రెండు కంప్యూటర్ల అనుసంధానం: ఖటోదరా ఉదాహరణ

తపతీ నదీతీరాన ఉన్న సూరతు నగరం వస్త్ర పరిశ్రమకు పేరెన్నికగన్నది. తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు కోసం తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలనేకం అక్కడి మరమగ్గాల మధ్య స్థిరపడినవి. లింబాయత్ మొదలైన పేటలలో తెలుగు మాట వినవస్తుంది. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలను నడుపుతూ వచ్చింది. నగరపు దక్షిణ భాగంలోని ఖటోదరా కూడా పరిశ్రమలకు నెలవైన ప్రాంతమే.

మగ్గానికి, కంప్యూటరుకు గల సంబంధం కొత్తది కాదు. ఫ్రాన్సు దేశీయుడైన జకార్డు 1804లో రంధ్రాలు గల అట్టల సహాయంతో పూలను, లతలను నేసే పద్ధతిని రూపొందించాడు. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. నేటి ఎలక్ట్రానిక్ జకార్డులో ఆ అట్టల స్థానాన్ని కంప్యూటరులో తయారైన ఫైలు ఆక్రమించింది.

ఖటోదరా వంటి చోట ఒక నేతకారుని ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. మేడమీది గదిలోని కంప్యూటరుపై కుమారుడు డిజైన్లు తయారుచేస్తాడు. క్రింది గదిలోని కంప్యూటరు నుండి అవి మగ్గానికి అందుతాయి. రెండింటి మధ్య రాకపోకలు పెన్‌డ్రైవు ద్వారానే సాగుతాయి. కొంగులోని నెమలి బొమ్మను రాత్రి సవరించారు. సవరించిన ప్రతి మేడపైనే ఉండిపోయింది. ఉదయం మగ్గానికి పాత ప్రతి చేరింది. లోపం కంటబడేసరికి కొన్ని గజాల బట్ట తయారైపోయింది. దారం, కరెంటు, కూలి మూడూ వృథా అయినవి. రెండు ప్రతులలో ఏది సరియైనదన్న సందేహమే తలెత్తకుండా చేయడం నెట్‌వర్కు వలన కలిగే మొదటి ప్రయోజనం.

రెండు యంత్రాలు సంభాషించడానికి మూడు విషయాలు కుదరాలి: దారి, చిరునామా, అనుమతి.

మొదటిది దారి. అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో 1973లో రూపుదిద్దుకొన్న ఈథర్‌నెట్ పద్ధతి ఇందుకు సులభమైనది. దీని కేబులులో ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. ఈ మెలిక అలంకారానికి కాదు. మోటార్ల వంటి వాటి నుండి వచ్చే విద్యుత్ అలజడి జతలోని రెండు తీగలనూ దాదాపు సమానంగా తాకుతుంది. అందుకొనే యంత్రం ఆ రెంటి మధ్య తేడానే గమనిస్తుంది కనుక అలజడి చాలావరకు రద్దవుతుంది. మరమగ్గాలున్న ఇంటికి ఈ గుణం ఎంతో అవసరం. అయినా కేబులును కరెంటు తీగలకు దూరంగా తీసుకుపోవడమే మంచిది. దీని పొడవు 100 మీటర్లు మించరాదు. పూర్వం రెండు కంప్యూటర్లను నేరుగా కలపడానికి తీగలు అడ్డుమార్చిన ప్రత్యేక కేబులు కావలసి వచ్చేది. ఇటీవలి యంత్రాలు ఆ మార్పును తమంతట తామే చేసుకొంటాయి కనుక సాధారణ కేబులు చాలును.

రెండవది చిరునామా. ఇండ్లలోను, కార్యాలయాలలోను సొంతంగా వాడుకోవడానికి కొన్ని అంకెలు 1996 నాటి నిబంధన ప్రకారం ప్రత్యేకించబడినవి. 192.168తో మొదలయ్యేవి వాటిలో ఒక వర్గం. మేడమీది కంప్యూటరుకు 192.168.50.1, క్రిందిదానికి 192.168.50.2 అని నెట్‌వర్కు అమరికలలో వ్రాయాలి. రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. మొదటి మూడు అంకెలు వీధి పేరు వంటివి, చివరిది ఇంటి నంబరు వంటిది. వీధి ఒకటే కావాలి, ఇంటి నంబరు వేరు కావాలి. ఇంటిలోని వైఫై పెట్టెలు తరచుగా 192.168.0 లేక 192.168.1 వరుసను వాడుకొంటాయి. వాటితో తగాదా రాకుండా 50వ వరుసను ఎంచుకోవడం జరిగింది. గేట్‌వే గడిని ఖాళీగా విడిచిపెట్టాలి.

మూడవది అనుమతి. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. పని సులభమవుతుందని డిస్కు మొత్తాన్ని పంచుకోవడం ఇంటి తలుపులన్నీ తెరిచిపెట్టడం వంటిది. మేడమీది కంప్యూటరులో డిజైన్ల కోసం ఒకే ఫోల్డరును ఏర్పరచి, దానిని మాత్రమే పంచుకోవాలి. క్రింది కంప్యూటరుకు ఒక పేరు, ఒక సంకేతపదం ఇచ్చి, చదివే అధికారం మాత్రమే ఉంచాలి. అప్పుడు మగ్గం దగ్గర ఎవరి చేయి తగిలినా అసలు డిజైను చెడదు. విండోస్ అడిగినప్పుడు ఈ నెట్‌వర్కును ‘ప్రైవేటు’ అని గుర్తించి, ఫైళ్ళ పంపకాన్ని అనుమతించాలి.

తరువాత క్రింది కంప్యూటరులో కమాండు తెరపై పింగ్ అనే ఆదేశాన్ని, దాని ప్రక్కన 192.168.50.1 అంకెలను టైపుచేస్తే జవాబు రావాలి. రాకపోతే ముందుగా కేబులు కొనలోని దీపం వెలుగుతున్నదో లేదో చూడాలి. దీపం వెలుగుతూ జవాబు లేకుంటే అంకెలను సరిచూడాలి. అవీ సరిగా ఉంటే ఫైర్‌వాల్ అడ్డుతున్నదని ఊహించవచ్చు.

సూరతువాసులకు ఈ ఏర్పాటులో మరొక ప్రయోజనం గలదు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి విడుదలైన నీటితో తపతి పొంగి నగరంలో అధికభాగం మునిగిపోయింది. అటువంటి వేళ క్రింది గదిలోని యంత్రాన్ని కాపాడుకోవడం కష్టం. అసలు ఫైళ్ళు మేడపై ఉండి, రోజూ రాత్రి వాటి ప్రతి క్రిందికి, క్రింది లెక్కల ప్రతి పైకి చేరుతూ ఉంటే, ఒక యంత్రం పాడైనా శ్రమ మిగులుతుంది. ఆ ప్రతులను తేదీలవారీగా ఉంచాలి. లేకుంటే నేటి పొరపాటు నిన్నటి మంచి ప్రతిని తుడిచివేస్తుంది.

అయితే ఇంతటితో నిశ్చింతగా ఉండరాదు. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము విండోస్ ఫైళ్ళ పంపక వ్యవస్థలోని లోపాన్ని ఆధారం చేసుకొని అనేక దేశాలలో యంత్రాల నుండి యంత్రాలకు ప్రాకింది. కనుక భద్రతా సవరణలను ఎప్పటికప్పుడు వేయాలి. మూడవ ప్రతిని వేరొక డిస్కులో ఉంచి, పని ముగియగానే దానిని విడదీసి, వీలైతే మరొక ఇంటిలో దాచాలి.

ఈ రెండు యంత్రాలలో ఒకదానిపై ఫైళ్ళకు తెలుగులోను, రెండవదానిపై గుజరాతీలోను పేర్లు పెట్టుకోవచ్చు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం రెండు లిపులకూ వేర్వేరు స్థానాలను కల్పించింది కనుక ఏ పేరూ చెడిపోదు. కలిసి పనిచేయడానికి ఎవరి లిపిని వారు వదులుకోవలసిన అవసరం లేదు. దారి, చిరునామా, అనుమతి అనే మూడు నియమాలను ఇరుపక్షాలూ పాటిస్తే చాలును.