వరాళి సీజను

పబ్లిక్ లైబ్రరీలో సంగీత విభాగం చూసి రిటైరైనవాణ్ణి. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు.

1. పంచాంగం దగ్గర ఉంచుకోండి. పుష్య బహుళ పంచమి త్యాగరాజ ఆరాధన. ధనుర్మాసం రాగానే ఆరాధనలో పాడే పంచరత్నాల కోసం జనం రావడం మొదలవుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ... అన్నిటికన్నా గిరాకీ వరాళికే. ఆ రాగాన్ని గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని ఓ నమ్మకం. అందుకని ‘విని నేర్చుకో’ అని పిల్లల్ని మన మీదికి తోలేస్తారు. నమ్మకం మాట ఎలా ఉన్నా, ఆ నెలలో హెడ్‌ఫోన్లు నాలుగు ఎక్కువ పెట్టండి.

2. అడిగేది పుస్తకం, కావలసింది ఒక్క కృతి. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో తెలుగులోనే అచ్చయింది. దాన్ని ఒకరు ఇంటికి పట్టుకెళితే వందల కృతులు ఆ ఇంట్లోనే ఉండిపోతాయి. అది ఇంటికివ్వకండి. గంట చొప్పున బల్ల దగ్గరే ఇచ్చి, చేత్తో రాసుకోమనండి. దీక్షితులు గమకాలకు పెట్టిన గుర్తులు రాసుకునేటప్పుడే కంట పడతాయి. ఫోన్లో ఫొటో తీసుకున్నవాడు మళ్లీ దాన్ని తెరుస్తాడని నాకు నమ్మకం లేదు.

3. జిరాక్సు దగ్గర భయమూ వద్దు, తెగింపూ వద్దు. రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. దీక్షితులు 1906లోనే పోయారు కాబట్టి ఆ పాత ప్రతికి అడ్డు లేదు. హక్కులున్న పుస్తకమైనా, స్వరాల కాగితమైనా దేశంలో అమ్మకానికి దొరక్కపోతే, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన వాడకానికి మూడు కాపీలదాకా తీయించుకోవచ్చు. చాలామందికి ఈ వెసులుబాటు తెలియదు.

4. గడువు దాటించేది పిల్లలు కాదు, విద్వాంసులు. అడగాలంటే మొహమాటం. “గురువుగారూ, మీ శిష్యురాలే ఆ పుస్తకం కోసం ఎదురుచూస్తోందండీ” అనండి, మర్నాడే పుస్తకం వెనక్కి వస్తుంది.

5. దొరక్క వెనక్కి వెళ్లినవాళ్లు ఏమడిగారో ఒక నోటుబుక్కులో రాయండి. ఇష్యూ రిజిస్టరులో అది కనపడదు. మా నోటుబుక్కు నిండా వర్ణాలే. కీర్తనల సంపుటాలు కొనడం ఆపి ఆ ఏడాది డబ్బంతా వర్ణాల పుస్తకాలకే పెట్టాం. సర్టిఫికెట్ పరీక్షకు కూర్చునే పిల్లలకు కావలసినవి అవేనట.