సంస్థకు తగిన మెయిల్ క్లయింట్

ఒక సంస్థ తన సొంత పేరుతో ఈ-మెయిల్ సదుపాయాన్ని ఏర్పరచుకొన్నప్పుడు అందులో రెండు భాగాలుంటాయి. ఉత్తరాలను స్వీకరించి భద్రపరచే కంప్యూటర్ మెయిల్ సర్వర్. ఉద్యోగి కంప్యూటర్‌లోనో, సెల్‌ఫోన్‌లోనో ఉండి ఆ ఉత్తరాలను తెచ్చి చూపే సాఫ్ట్‌వేర్ మెయిల్ క్లయింట్. ఔట్‌లుక్, థండర్‌బర్డ్ మొదలైనవి ఈ రెండవ కోవకు చెందినవి. సర్వర్‌కు తెలిసిన భాష క్లయింట్‌కు కూడా తెలిసి ఉండాలి. ఆ భాషనే ప్రొటోకాల్ అంటారు.

ఉత్తరం పంపడానికి 1982లో రూపొందిన ఎస్.ఎం.టి.పి. అనే ప్రొటోకాల్ నేటికీ వాడుకలో ఉంది. అక్కడ చిక్కు తక్కువ. చిక్కంతా ఉత్తరాన్ని అందుకోవడంలోనే ఉంది. 1988లో వెలువడిన పాప్-3 పేరులోనే 'పోస్టాఫీసు' అనే మాట ఉంది. దాని నడవడి కూడా అటువంటిదే. పోస్టాఫీసు నుండి ఉత్తరాన్ని ఇంటికి తెచ్చుకొన్నట్లు, క్లయింట్ ఉత్తరాన్ని తన కంప్యూటర్‌లోకి దించుకొంటుంది. మనం ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే సాధారణంగా సర్వర్‌లోని ప్రతి తొలగిపోతుంది. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్ పద్ధతి వేరు. గ్రంథాలయంలో కూర్చుని చదివినట్లు, ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది. ఏ కంప్యూటర్ నుండైనా దానిని చూడవచ్చు.

ఈ భేదం చిన్నదిగా తోచవచ్చు. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థను ఊహించండి. విదేశీ కొనుగోలుదారుడు సరుకు పంపవలసిన తేదీని మారుస్తూ ఉత్తరం వ్రాశాడు. గుమాస్తా కంప్యూటర్‌లోని క్లయింట్ పాప్-3 పద్ధతిలో దానిని దించుకొన్నది. మరునాడు ఆయన సెలవు. యజమాని తన కంప్యూటర్‌లో వెదికితే ఆ ఉత్తరం జాడ లేదు. సరుకు పాత తేదీకే బయలుదేరింది. పైగా ఆ గుమాస్తా కంప్యూటర్ హార్డ్ డిస్క్ చెడిపోయినచో, ఏళ్ళ తరబడి జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలకు సాక్ష్యమే మిగలదు. కనుక పలువురు ఉద్యోగులు ఒకే చిరునామాను చూసుకొనే చోట ఐమ్యాప్ తెలిసిన క్లయింట్‌నే ఎంచుకోవాలి.

రెండవ పరీక్ష ప్రవేశానికి సంబంధించినది. మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ సేవలో, కేవలం పేరు, సంకేతపదం పంపి లోనికి ప్రవేశించే పాత పద్ధతిని 2022 అక్టోబరు నుండి నిలిపివేయసాగింది. కొత్త పద్ధతి నేర్వని పాత క్లయింట్లకు అప్పుడు తలుపులు మూసుకుపోయాయి. ఉచితంగా లభిస్తున్నదని పాత సాఫ్ట్‌వేర్‌ను పట్టుకు వ్రేలాడేవారు ఈ సంగతి గమనించాలి. క్యాలెండరును, సమావేశాల ఆహ్వానాలను కూడా సర్వర్‌లోనే నడుపుకొనే సంస్థలు, ఉత్తరాలు వచ్చినంత మాత్రాన తృప్తి చెందరాదు. అవి కూడా సక్రమంగా వస్తున్నవో లేదో చూసుకోవాలి.

మన వారికి మరొక పరీక్ష కూడా అవసరం. తెలుగులో ఒక ఉత్తరం వ్రాసి, తెలుగు పేరున్న ఫైలును జతచేసి పంపి చూడాలి. యూనికోడ్‌ను సరిగా చదవలేని క్లయింట్‌లో అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి.

క్లయింట్‌ను మార్చేటప్పుడు పాత ఉత్తరాలను మరువరాదు. ఔట్‌లుక్ దాచుకొనే పి.ఎస్.టి. ఫైలును ఇతర క్లయింట్లు నేరుగా తెరవలేకపోవచ్చు. అందుచేత ముందుగా ఆ ఫైలుకు నకలు తీసి ఉంచుకొని, పాత క్లయింట్‌లోనే ఐమ్యాప్ ఖాతాను తెరిచి, ఉత్తరాలను సర్వర్‌లోని ఫోల్డర్లలోకి చేర్చి, తరువాతనే కొత్తదానిని స్థాపించుకోవాలి.