నీటి ఇంజనులో చమురు కారుట

సంఘసభ్యులలో పలువురికి బావులయొద్దను కాలువగట్లమీదను డీజిలు ఇంజనులు కలవు. వాని క్రింద చమురు మడుగు కట్టియుండుట తరచు చూచుచున్నాము. “కారిన కారనిండు, పైన పోయుచునే యున్నాముగదా” యని కొందరందురు. ఇది ప్రమాదకరమైన మాట. వరి పొట్టమీద నున్నపుడు రాత్రియెల్ల నడచు ఇంజనులో చమురు తగ్గెనా, బేరింగులు కాలి షాఫ్టు పట్టివేయును. ఆ ఖర్చుతో సీళ్లు ఎన్నియో కొనవచ్చును. కారిన చమురు కప్పీకి అంటి పట్టా జారినచో నీరును తగ్గును.

మొదట చమురు ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. చల్లారిన ఇంజనును కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పావుగంట నడిపి చూడుడు. చమురు క్రిందికి ప్రాకును గనుక తడిసినచోట్లలో మిక్కిలి ఎత్తున నున్నదే మూలము. చూచునపుడు పట్టా దగ్గరకు చేయి గాని పైపంచ గాని పోనీయరాదు. పైమూత గాస్కెట్టు, అడుగు బోల్టు క్రింది రాగివాషరు సులభముగా మార్చుకొనదగినవి. ఫ్లైవీలు వెనుకనుండి చమురు చిమ్ముచున్నచో క్రాంకు షాఫ్టు సీలును అనుమానింపవలెను.

అయినను దానిని విప్పకముందు రెండు సంగతులు చూడవలెను. కొలపుల్లమీది పైగీతను దాటి చమురు పోసితిరేమో చూడుడు. బ్రీదరు మూసికొనిపోయెనేమో చూడుడు. లోపలి గాలి వెలికిపోవు ఆ దారి మసితో పూడినచో ఒత్తిడి పెరిగి, క్రొత్త సీలును గూడ దాటి చమురు వచ్చును. సీలు మార్చినను కారుట మానని ఇంజనులలో మేము మొట్టమొదట చూచునది బ్రీదరునే.

సీలనగా ఇనుపకట్టులో నిలిపిన రబ్బరు పెదవి. సన్నని స్ప్రింగు దానిని షాఫ్టుపై అదిమియుంచును. వేడికి రబ్బరు బిరుసెక్కును, దుమ్ముకు అరుగును. పాతసీలుమీద 35-52-7 వలె మూడంకె లుండును. అవి లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము, మిల్లీమీటర్లలో. వానిని వ్రాసికొని దుకాణమునకు పోవలెను. “ఇదియు సరిపోవును” అను మాట నమ్మరాదు.

ఫ్లైవీలు బరువైనది, ఒంటరిగా దింపవలదు. పాతసీలును పెరుకునపుడు పనిముట్టు మొన షాఫ్టునకు తగులరాదు. పిమ్మట షాఫ్టును గోటితో తడిమి చూడుడు. గోరు పట్టునంత గాడి పడినచోట ఎంత మంచి సీలును ఆగదు. చోటున్నయెడల సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి, పెదవి నునుపుభాగముపై నుండునట్లు కూర్చవచ్చును. గాడి లోతైనచో లేతు పనివానిచే సన్నని తొడుగు వేయింపవలెను.

క్రొత్తసీలు స్ప్రింగువైపు చమురునకు ఎదురుగా నుండవలెను. తిరుగవేసినచో ఆగదు. పెదవికి చమురు పూసి, షాఫ్టుమీది కీ గాడికి పలుచని కాగితము చుట్టి ఎక్కింపుడు. లేనిచో ఆ అంచు పెదవిని కోయును. సుత్తితో ఒకప్రక్క కొట్టరాదు. సీలు అంచునకు సరిపడు గొట్టపుముక్కను ఆనించి, చుట్టును మెల్లగా తట్టుచు సమముగా దింపవలెను. వెలుపల సబ్బు మెత్తుట మరమ్మతు కాదు.

తరువాతి నాలుగు దినములు ప్రొద్దున ఇంజను త్రిప్పకముందే కొలపుల్ల చూచుచుండుడు. పోయకయే మట్టము పెరుగుచున్నచో చమురులో డీజిలు కలియుచున్నదని సంశయింపవలెను. అపుడు ఇంజను నడుపక మేస్త్రీని పిలువుడు.