కొబ్బరి తోట చెత్తతో కంపోస్టు: కొమ్ము పురుగుకి చోటివ్వకుండా ఎలా?

ఈ పాఠం ముఖ్యంగా కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఉద్దానం రైతుల కోసం. భోగాపురం, పూసపాటిరేగ వైపు కొబ్బరి ఉన్నవాళ్ళకీ పనికొస్తుంది. ముందు ఇది చదివి, తర్వాత వీడియో చూస్తే పని తేలికవుతుంది.

అసలు సమస్య ఏంటి?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో లెక్కలేనన్ని కొబ్బరి చెట్లు కూలిపోయాయి. తర్వాత చాలామంది మళ్ళీ మొక్కలు వేశారు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళు పడుతుంది. ఈలోగా కొమ్ము పురుగు మొవ్వు తొలిచేస్తే మొక్క చచ్చిపోతుంది. విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తే అది ఈ పురుగు పనే.

ఈ పురుగు తినేది చెట్టు మీద, కానీ గుడ్లు పెట్టేది కుళ్ళుతున్న కొబ్బరి మానుల్లో, గెత్తం కుప్పల్లో, కంపోస్టు గుంతల్లో. అంటే చెట్టుకి బలమిద్దామని వేసిన కుప్పే, కదపకుండా వదిలేస్తే, చెట్టు శత్రువుని పెంచుతుంది. అలాగని చెత్త కాల్చేయకూడదు. కాలిస్తే నేలకి చేరాల్సిన సేంద్రియ పదార్థం పొగైపోతుంది. ఇసుక నేలకి అది పెద్ద నష్టం.

తోటలో ఎంత సరుకు ఉంది?

కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ లెక్క ప్రకారం హెక్టారు కొబ్బరి తోటలో ఏడాదికి సుమారు 6 నుంచి 8 టన్నుల ఆకు రాలుతుంది. ఇదంతా ఎరువే.

ముందు వేరు చెయ్యండి

- ఆకులు, కలుపు, పేడ, వంటింటి తొక్కలు: గుంతలోకి.
- కొబ్బరి డొక్కలు: గుంతలో వద్దు, తొందరగా కుళ్ళవు. వరుసల మధ్య కందకం తీసి, గిన్నెలాంటి వైపు పైకి ఉండేలా పేర్చి మట్టి కప్పండి. నీరు పట్టి ఉంచుతాయి, పొటాష్ ఇస్తాయి.
- జీడి పిక్క పైతొక్క: వద్దు. అందులో ఘాటు నూనె ఉంటుంది, వానపాములకి పడదు. జీడి ఆకు వేసుకోవచ్చు.
- ప్లాస్టిక్ సంచులు, గుట్కా ప్యాకెట్లు: ఒక్కటి కూడా పడకూడదు.
- పడిపోయిన మానులు: తోటలో ఉంచొద్దు. చీల్చి ఎండబెట్టి వంటచెరకుగా వాడుకోండి.

కొబ్బరి ఆకు వర్మీకంపోస్టు

1. రాలిన ఆకుని కొన్ని వారాలు ఎండకి, వానకి మెత్తబడనివ్వండి. మట్ట మొదలు గట్టి భాగం కోసేసి మిగతాది ముక్కలు చెయ్యండి.
2. నీడలో గుంత గానీ తొట్టె గానీ పెట్టండి. 100 కిలోల ఆకుకి 10 కిలోల పేడ నీళ్ళలో కలిపి చల్లండి.
3. రెండు వారాలు తడి ఆరకుండా ఉంచండి. వేడి తగ్గాకే వానపాములు వదలాలి. టన్ను ఆకుకి కిలో పాములు సరిపోతాయి. కొబ్బరి ఆకుకి యూడ్రిలస్ జాతి బాగా పనిచేస్తుంది.
4. రెండున్నర నెలలకి ఎరువు తయారు. టన్ను ఆకుకి దాదాపు 700 కిలోలు వస్తుంది. తయారైంది తయారైనట్టు చెట్ల పాదులకి వేసెయ్యండి, నిల్వ పెట్టొద్దు.

కొమ్ము పురుగుకి అడ్డుకట్ట

- గెత్తం కుప్పని వేసవి దాకా అలాగే వదిలెయ్యొద్దు. 15 రోజులకోసారి తిరగెయ్యండి. గోధుమరంగు తలతో, తెల్లగా, లావుగా, వంకరగా ముడుచుకున్న పిల్ల పురుగులు బయటపడతాయి. కోళ్ళని వదిలితే అవే ఏరుకు తింటాయి.
- కుప్ప మీద పాత చేపల వల కప్పండి. వచ్చీపోయే పెద్ద పురుగులు చిక్కుకుంటాయి. 2007లో ఈ పురుగు చేరిన పసిఫిక్ దీవి గ్వామ్‌లోనూ ఇలాగే వలలు వాడారు. మన తీరంలో పాత వలలకి కొరత లేదు కదా!
- గెత్తం గుంతలో మెటారైజియం అనే పచ్చ శిలీంధ్రం కలిపి తడిగా ఉంచండి. ఇది పిల్ల పురుగుల్ని చంపుతుంది. మోతాదు ప్యాకెట్ మీద చూసుకోండి. ఎక్కడ దొరుకుతుందో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.
- చిన్న మొక్కలకి మొవ్వు దగ్గరి మూడు ఆకుల మొదళ్ళలో 250 గ్రాముల వేపపిండి, అంతే ఇసుక కలిపి వెయ్యండి. ఏడాదికి మూడుసార్లు చాలు.

ఒక్క మాట గుర్తుంచుకోండి: మీ ఒక్కరి తోట శుభ్రంగా ఉంటే సరిపోదు. పురుగు ఎగిరొస్తుంది. పక్క తోటలో కుళ్ళిన మాను ఉంటే మీ మొక్కకి ముప్పే. ఊళ్ళో పదిమంది రైతులు కలిసి ఒకే వారంలో మానులు తీసి, కుప్పలు తిరగేస్తేనే ఫలితం కనిపిస్తుంది.

ఈ ఆదివారం మీ గెత్తం కుప్పని ఒక మూల జానెడు లోతు తవ్వి చూడండి. ఎన్ని పురుగులు కనిపించాయో కింద రాయండి.