క్రుంగిన టేకు దూలమునకు ఉక్కు పలకలు

ధాన్యపు బస్తాలు మోయు అటకల క్రింద పాత టేకు దూలములు నడుమ క్రుంగియుండుట మన గ్రామములలో అరుదు కాదు. అట్టిదానిని తీసి క్రొత్తది వేయవలెనన్న పైకప్పును కదల్పవలసివచ్చును. మ్రాను చెడకయున్నయెడల, దాని ఇరుప్రక్కల ఉక్కు పలకలను నిలువుగా నానించి బోల్టులతో బిగించి బలపరుపవచ్చును. అయితే పలక తగిలించినంతమాత్రమున బలము కలుగదు. బరువులో దాని వంతు దానికి చేరు మార్గమును మనము కల్పింపవలయును.

వంపును ఎదిరించు గుణమున ఉక్కు టేకుకంటె సుమారు 20 రెట్లు మిన్న. దూలము 100 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. లోతు గలదనుకొందము. ప్రక్కకొకటి చొప్పున 6 మి.మీ. మందము, 190 మి.మీ. లోతుగల రెండు పలకలు బిగించితిమి. రెంటి మందము 12 మి.మీ.; దానిని 20చే హెచ్చింపగా 240 మి.మీ. వెడల్పుగల టేకుతో సమానము. పలకల లోతు కొంచెము తక్కువగుటచే అది సుమారు 205కు దిగును. దూలపు 100ను కూడగా 305. అనగా అదే బరువునకు వంపు మునుపటిలో మూడవ వంతగును. ఇట్లని బస్తాలను మూడింతలు చేయరాదు. ఉక్కునకును ఒక హద్దు కలదు. దూలమును మోయు గోడలు మునుపటివే.

పలక లోతును 10 మి.మీ. తగ్గించుట యేల? మ్రాను వేసవిలో కుదించుకొనును. అప్పుడు ఉక్కు అంచు పైకి తేలినయెడల అటక బల్లలు మ్రానును విడిచి ఆ అంచుపైననే కూర్చుండును.

కొందరు పలకను దూలము అడుగున పరుండబెట్టి రెండు మేకులు కొట్టి తృప్తినొందుదురు. అది అలంకారమే. ఈ కొలతలు గల పలక నిలువున నిలిచినప్పుడు, పరుండినప్పటికంటె సుమారు 1000 రెట్లు వంపును ఎదిరించును.

బరువు మొదట మ్రానుపై పడి బోల్టుల ద్వారా ఉక్కునకు చేరును. కొనలయొద్ద మరల మ్రానులోనికి వచ్చి గోడకు దిగును. కావున 12 మి.మీ. బోల్టులను 400 మి.మీ. కొకటి చొప్పున, నడిమి గీతకు ఒకటి పైగా ఒకటి క్రిందుగా వేసి, ప్రతి కొనయందును రెండేసి యుంచవలెను. అంచులకు 50 మి.మీ. లోపల రంధ్రము వేయరాదు. విశేషించి దూలము నడుమ, క్రింది అంచున లాగుడు మిక్కుటము. రంధ్రము బోల్టునకు సరిపోవునంతయే యుండవలెను. వదులైనచో మ్రాను జారిన పిమ్మటగాని ఉక్కు పని మొదలుపెట్టదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పని క్రమము. బిగించునాటికి దూలముపైనున్న బరువును అటుపిమ్మటను మ్రానే మోయును. తరువాత చేరిన బరువులోనే పలకలకు వంతు. అందుచే ముందుగా బస్తాలన్నిటిని దింపించి, నేలపై మందపు బల్ల పరచి, గుంజలు నిలిపి, జాకీతో దూలమును కొద్దికొద్దిగా ఎత్తవలెను. ఏండ్ల తరబడి క్రుంగిన మ్రాను పూర్తిగా తిన్నన కాదు. బలవంతము చేసిన పైకప్పు పగులును. వచ్చినంతవరకు ఎత్తి, అచ్చటనే నిలిపి, పలకలు బిగించి, ఆపైన గుంజలు తీయవలెను. పలక మీటరునకు సుమారు 9 కిలోలు తూగును గాన 4 మీటర్ల పలకను ఒక్కడు ఎత్తబూనరాదు.

పనికి ముందే గోడలోనున్న కొనలను దబ్బనముతో పొడిచి చూడుడు. అది సులువుగా దిగినచో చెదలో, చివుకుటో పట్టినదన్నమాట. అట్టి మ్రానున బోల్టు నిలువదు, దూలమునే మార్పవలెను. తాటిదూలమునకును ఈ పద్ధతి తగదు. దాని చేవ పైపొరయందే యుండును, లోపలిది మెత్తన. సంఘపు గిడ్డంగివంటి పెద్ద కట్టడములకు ఇంజనీరుచే లెక్క కట్టించియే పని చేయింపవలెను.

పలకలకు బిగించుటకు ముందే రెండు ప్రక్కల రెడ్ ఆక్సైడు పూయుడు. మొదటి వేసవి గడచిన పిదప నట్టులనన్నిటిని మరల ఒకసారి బిగింపుడు.