ఇంటిల్లిపాదికీ ఒకే కూర

రక్తపోటు ఎక్కువై ఆసుపత్రిలో చేరిన పెద్దాయనను ఇంటికి తీసుకువెళ్ళేటప్పుడు బంధువులు అడిగే మాట ఒకటే: "ఉప్పు తగ్గించమన్నారు కదండీ, మరి ఏం వండి పెట్టాలి?"

ఇంటికి వెళ్ళాక మొదటి వారం ఆయనకు విడిగా చప్పిడి కూర వండుతారు. మిగిలినవారి కంచాల్లో వేపుడు, ఆవకాయ ఉంటాయి. రెండో వారానికి ఆయన ఆ కూర పక్కకు నెట్టి "కొంచెం ఆవకాయ వెయ్యమ్మా" అంటారు. మనసు ఒప్పక మీరు వేస్తారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒకే ఇంట్లో రెండు రకాల వంట ఎక్కువ రోజులు సాగదు. అందుచేత అందరికీ ఒకే కూర వండండి. తక్కువ ఉప్పు మీకూ, మీ పిల్లలకూ మేలే.

ఉప్పు ఎంత?

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీస్పూను లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కూర, పప్పు, చారు, పచ్చడి, అప్పడం అన్నింటిలోని ఉప్పూ ఈ లెక్కలోకే వస్తుంది. మీ డాక్టరుగారు ఇంకా తగ్గించమంటే అదే పాటించండి.

బీరకాయ పెసరపప్పు కూర (నలుగురికి)

కావలసినవి: లేత బీరకాయలు అరకిలో, పెసరపప్పు 50 గ్రాములు, ఉల్లిపాయ 1, పచ్చిమిరపకాయలు 2, వెల్లుల్లి 4 రెబ్బలు, నూనె 2 టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, ఆవాలు, జీలకర్ర, పసుపు, కరివేపాకు, కొత్తిమీర, సగం నిమ్మకాయ.

చేసే విధానం:

1. పెసరపప్పు అరగంట నానబెట్టండి.
2. బీరకాయలు ముందు కడిగి, తరువాత చెక్కు తీసి తరగండి. తరిగాక కడిగితే పోషకాలు నీళ్ళలో పోతాయి.
3. ప్రతి కాయ నుండి చిన్న ముక్క రుచి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ పారేయండి. చేదు బీరకాయ, చేదు సొరకాయ తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.
4. నూనెను సీసాతో వంచకుండా చెంచాతో కొలిచి పోయండి. తాలింపు వేగాక ఉల్లి, మిర్చి, వెల్లుల్లి వేయించండి.
5. బీరకాయ ముక్కలు, వడకట్టిన పప్పు, పసుపు వేసి మూతపెట్టి సన్నని సెగపై మగ్గనివ్వండి. కాయలోని నీరే చాలావరకు సరిపోతుంది. అడుగంటేలా ఉంటే కాసిని నీళ్ళు చల్లండి.
6. కూర ఉడికి దగ్గర పడ్డాకే ఉప్పు వేయండి. పచ్చి ముక్కలు గిన్నెనిండా కనబడతాయి కనుక ముందే వేస్తే చెయ్యి ఎక్కువ పడుతుంది.
7. దించాక నిమ్మరసం, కొత్తిమీర కలపండి. పులుపు తగిలితే ఉప్పు తక్కువైనట్టు నాలుకకు అంతగా తెలియదు.

సొరకాయ, పొట్లకాయ, క్యాబేజీ కూడా ఇదే పద్ధతిలో వండవచ్చు.

జాగ్రత్తలు

* "తక్కువ సోడియం ఉప్పు" పేరుతో దొరికే వాటిలో చాలావరకు పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బి.పి. మందులు వాడేవారికి అది ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనవద్దు.
* మూత్రపిండాల రోగులు ఏ కూరగాయలు, ఆకుకూరలు ఎంత తినాలో విడిగా అడిగి తెలుసుకోండి.
* కూర బాగుందని మాత్రలు మానరాదు.

మొదట్లో అందరికీ చప్పగానే అనిపిస్తుంది. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. అంతవరకు ఆవకాయ జాడీని భోజనాల దగ్గరకు తేకండి. పెద్దాయన తినే కూరే మీరూ ఆయన పక్కన కూర్చుని తినండి.