పెట్టె మీద పేరు

క్యాంప్ 1, భిలాయ్

చిరంజీవి చిన్నాకి,

మీ పెదనాన్న మోకాళ్ళ నొప్పి ఎప్పట్లాగే ఉంది. నన్ను కసురుకోవడానికి మాత్రం ఏ నొప్పీ అడ్డు రావడం లేదు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నీ గురించే చెప్పింది. రైల్లో బ్యాగు వదిలేసి దిగిపోయావట. బండి తాళాలు నెలలో రెండుసార్లు పారేశావట. ఇప్పుడేదో పోయిన వస్తువులు వెతికిపెట్టే బ్లూటూత్ బిళ్ళ కొంటానని, అదీ యాపిల్‌దే కావాలని కూర్చున్నావట. "అక్కా, నువ్వైనా చెప్పు వాడికి" అంది. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

ఈ ముసల్దానికేం తెలుసు అనుకోకు. మీ పెదనాన్న కళ్ళజోడు డబ్బాకీ స్కూటర్ తాళానికీ ఏడాదిగా ఆ బిళ్ళలే వేలాడుతున్నాయి. మీ అన్నయ్య కూతురు తెచ్చి పెట్టింది. పక్కన కూర్చుని దాన్ని విసిగించి మరీ అన్నీ అడిగి తెలుసుకున్నాను.

ముందు నీ చేతిలో ఉన్న ఫోన్ ఏదో చూసుకో. యాపిల్ ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చింది, మంచిదేనట. కానీ ఐఫోన్ లేనివాడికి అది మెడలో వేసుకునే బిళ్ళతో సమానం. శాంసంగ్ వాళ్ళది శాంసంగ్ గెలాక్సీ ఫోన్లకే పలుకుతుంది. నీది ఆ రెండూ కాని ఆండ్రాయిడ్ కదా. దానికి గూగుల్ వాళ్ళు 2024లో మొదలుపెట్టిన నెట్‌వర్క్ ఉంది, ఇప్పుడు ఫైండ్ హబ్ అంటున్నారు. జియోట్యాగ్ గో, మోటో ట్యాగ్ ఆ బాపతువి. కొనేముందు డబ్బా మీద ఉన్నది చదువు నాయనా. జియోలోనే ఎయిర్ అని ఇంకొకటి ఉంది, అది యాపిల్ నెట్‌వర్క్‌తో నడిచేది. పేరు చూసి తొందరపడి తెచ్చేస్తావని నా భయం.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఆ బిళ్ళకి తానెక్కడుందో తనకే తెలీదు. సిమ్ లేదు, జీపీఎస్ లేదు. "ఉన్నాను, ఉన్నాను" అని బ్లూటూత్‌లో గొణుక్కుంటూ పడి ఉంటుందంతే. పక్కనుంచి పోయే ఎవరి ఫోనో ఆ గొణుగుడు విని, ఫలానా చోట విన్నానని పైకి చేరవేస్తుంది. ఫోన్ జేబులో ఉన్న మనిషికి ఆ సంగతే తెలీదు. అక్కణ్ణుంచి నీకు కబురొస్తుంది. అంటే నీ బ్యాగుని వెతికిపెట్టేది దారినపోయేవాళ్ళే. మా క్యాంపులో పది జేబులు తడిమితే ఐఫోన్ ఒక్కటి దొరికితే గొప్ప.

ఇది విన్నరోజు నాకు నా ఇనప్పెట్టె గుర్తొచ్చి నవ్వాగలేదు. 1974లో కాపురానికి వస్తూ రాయ్‌పూర్‌లో బండి మారాం. మీ పెదనాన్న బెడ్డింగు, నేను మరచెంబు, మా అత్తగారు పచ్చడి జాడీ పట్టుకుని పరుగు. పెట్టె ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. భిలాయ్ పవర్ హౌస్ స్టేషన్‌లో దిగి లెక్కపెట్టుకుంటే గానీ తెలీలేదు. దానిమీద మా నాన్న తెల్లరంగుతో నా పేరు, మీ పెదనాన్న పేరు, క్యాంపు, భిలాయి అని కుదురుగా రాశాడు. ఒక్కో అక్షరం ఒక్కో ముత్యం. అన్నీ తెలుగులోనే! రాయ్‌పూర్‌లో ఆ ముత్యాలు ఏరుకునేదెవరు? మూడు రోజులు ఒక మూల పడి ఉందట. ఆ మూడు రోజులూ కొత్త పెళ్ళికూతురు అత్తగారి వెలిసిపోయిన నూలుచీరల్లో క్యాంపంతా దర్శనమిచ్చింది. నాలుగోరోజు ప్లాట్‌ఫారం ఊడ్చే ఆవిడ, మన శ్రీకాకుళం మనిషే, "ఓలమ్మ, మన అక్షరాలు" అని చదివి చెప్పిందట.

పెట్టె ఇంటికొచ్చిన సాయంత్రమే మీ పెదనాన్న రంగు డబ్బా తెచ్చి, దాని కింద హిందీలో, ఆ కింద ఇంగ్లీషులో రాశారు. ఇప్పటికీ మంచం కిందే ఉంది. మా నాన్న రాసిన తెలుగు చెక్కుచెదరలేదు, ఈయన హిందీ పెచ్చులూడిపోయింది. ఆ మాట ఆయన దగ్గర అనకు.

అప్పటినుంచి నాకు పేర్లు రాసే పిచ్చి పట్టిందని మీరంతా వెనకాల నవ్వుకుంటారు, నాకు తెలుసు. నవ్వుకోండి. సుత్తీ మేకూ పెట్టి చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించిన గిన్నెలు ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళి ఎన్ని ఇళ్ళు తిరిగి వచ్చాయో! ఒక్క గరిటె పోలేదు. గొడుగు పిడి మీద, పరుపు మూల, పీట కింద, చివరికి రుబ్బురోలు పొత్రం మీద కూడా రాశాను. పొత్రం ఎవరెత్తుకెళ్తారని అడిగారు మీ పెదనాన్న. ఈ మాట అడిగిన మనిషి ఏం చేశారో తెలుసా? స్టీల్ ప్లాంటులో సెకండ్ షిఫ్ట్ దిగి, గేటు దగ్గర సైకిల్ స్టాండులో వందల నల్ల సైకిళ్ళ మధ్య చీకట్లో తడుముకుని, ఇంకెవరిదో తొక్కుకుంటూ ఇంటికొచ్చేశారు! తాళంచెవి కూడా పట్టేసింది. పొద్దున నేను ముగ్గు వేస్తూ చూశాను, సీటు వేరే రంగు. ఆ సైకిల్ మనిషి ఎలా ఇల్లు చేరాడో పాపం. ఆ రోజే మడ్‌గార్డు మీద పేరు రాయించి, నా పాత చీర అంచు చింపి హ్యాండిల్‌కి కట్టాను. ప్లాంటులో ఆయన్ని చాలా రోజులు ఆ చీర అంచు పేరుతోనే ఏడిపించారు.

అందుకని చెప్తున్నాను, బిళ్ళ కొనుక్కో, కానీ బ్యాగు మీద పేరూ నంబరూ రాయి. మూడు భాషల్లోనూ రాయి. లోపల ఒక కాగితం కూడా పెట్టు. నీ నంబరు కాదు, మీ అమ్మ నంబరు. ఫోన్ కూడా ఆ బ్యాగులోనే ఉంటే ఎవరికి చేస్తారు? వాటర్ బాటిల్ మీద, హెల్మెట్ మీద, ఛార్జర్ మీద కూడా. ఛార్జర్ మీద చోటుండదంటావు. ఉంటుంది, నేను రాశాను.

నీ ఫోన్‌లో ఒకటి మార్చుకోవాలి. ఆ ఫైండ్ హబ్ మామూలుగా జనం ఎక్కువగా తిరిగే చోట్లే చూస్తుంది, కొన్ని ఫోన్లు కలిసి విన్నాకే చెబుతుంది. సెట్టింగుల్లో "అన్ని ప్రాంతాల్లో" అన్నది పెట్టుకో. నీ రైలు పార్వతీపురం, రాయగడ అడవుల్లోంచి కదా వచ్చేది. అందులో కనిపించేది చివరిసారి విన్న చోటు, అది చూసి గాభరాపడి దూకకు. 139కి ఫోన్ చేసి కోచ్, సీటు నంబరు చెప్పు. ఇనప బీరువాలో, స్టీలు డబ్బాలో బిళ్ళ పెడితే గొంతు నొక్కేసినట్టే. మన ఊళ్ళో ఇనుముకి కొదవా? మొన్న కళ్ళజోడు బీరువాలో పెట్టుకుని, బిళ్ళ పాడైందని మీ పెదనాన్న ఒక పూటంతా గోల.

లోపల ఉండేది రూపాయి బిళ్ళంత సెల్లు, సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, ఆ అంకెలే దాని పేరు. సుమారు ఏడాది వస్తుంది. ఇది వినరా, మీ బుడ్డోడు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. అది మింగితే లోపల కాలుస్తుంది, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. మూత వదులైన చవక బిళ్ళ మాత్రం ఇంట్లోకి తేవద్దు. పాత సెల్లు తీసిన చేత్తోనే టేపు చుట్టి పారేయి. వాడు ఫోన్‌లో "పెదనాన్నమ్మ" అన్నది నాకింకా చెవుల్లోనే ఉంది.

ఇంకొకటి, రాయాలా వద్దా అని ఆలోచించాను. కోడలి హ్యాండ్‌బ్యాగులో దానికి చెప్పకుండా ఒక బిళ్ళ వేస్తానన్నావని మీ అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. నా పుట్టింటి ఉత్తరాలు మా అత్తగారు ముందే విప్పించి చదివించుకునేది. అంటించిన అంచు చిరిగి ఉంటే పొయ్యి దగ్గర కూర్చుని ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో, పొగ అనుకున్నారందరూ. ఇప్పుడు దాచినా దాగదులే. ఎవరిదో బిళ్ళ తన వెంట తిరుగుతోందని ఆ పిల్ల ఫోనే చెప్పేస్తుంది, 2024లో యాపిల్, గూగుల్ కలిసి ఆ ఏర్పాటు చేశాయి. అడిగి పెట్టు. వద్దంటే నీ తాళాలకి రెండోది కట్టుకో.

కోపంగా రాశాననుకోకు. బ్యాగు పోతే పోయింది, నువ్వు కదిలే బండిలోంచి దిగలేదు, అంతే చాలు. మాగాయ, కందిపొడి పక్కింటి కుర్రాడితో పంపిస్తున్నాను. స్టీలు డబ్బా అడుగున నా పేరుంది. ఖాళీ అయ్యాక తిరిగి పంపు. కిందటిసారి మూత రాలేదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ